నిస్సీ వ్యాసం, వాళ్ళ నాయన బెల్లం

ఏర్పేడు దాటాక కొండల వైపు తిరిగే రోడ్డులో ఒక బడి ఉంది. అందులో ఆడపిల్లల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. పదకొండేళ్ళుగా పిల్లల జ్వరాలు, అలకలు, తప్పిపోయిన సాక్సులు చూస్తూ బతుకుతున్నాను. మా బడిలో పదో తరగతి తర్వాత ఇంటర్మీడియట్ ఉండదు. ఐ.బి. డిప్లొమా అని రెండేళ్ళ అంతర్జాతీయ చదువు ఉంటుంది. మా పుత్తూరులో ఎవరైనా అడిగితే "ఇంటరే లేప్పా, రొవ్వంత ఎచ్చులు ఎక్కువ" అని తేల్చేస్తాను. ఆరు సబ్జెక్టులు చాలనట్టు, "నీకు తెలిసిందని నీకెలా తెలుసు?" అని రెండేళ్ళ పాటు అడిగే క్లాసొకటి. దాని పైన నాలుగు వేల మాటల పరిశోధన వ్యాసం. ఆ వ్యాసంలో ఫెయిలైతే, మిగిలినవన్నీ ఎంత బాగా రాసినా డిప్లొమా చేతికి రాదు. ఎవరు పెట్టారో గానీ ఈ నియమం, వాళ్ళు ఎప్పుడూ హాస్టల్లో పని చేసి ఉండరు. ఏడ్చే పిల్లల్ని ఓదార్చేది నేను కదా!

నిస్సీ ఉచిత సీటు మీద వచ్చింది. వాళ్ళది చిత్తూరు అవతల ఒక పల్లె. నాయన ఇమ్మానుయేల్, ఢిల్లీబాబు అనే రైతు చెరకు గానుగలో బెల్లం వండే కూలి మనిషి. పిల్ల సర్కారు బడిలో చదివి, ఎంపిక పరీక్షలో నెగ్గింది. వచ్చిన కొత్తలో నెల రోజులు నోరు విప్పలేదు. తక్కిన పిల్లలు చూసొచ్చిన దేశాల గురించి మాట్లాడుకుంటూ ఉంటే, ఈమె కంచం వైపు చూస్తూ రెండో సారి సాంబారు పోయించుకునేది. తిండి దగ్గర మొహమాటం లేని పిల్లలంటే నాకు ఇష్టం.

ఒక రోజు ఆ "ఎలా తెలుసు" క్లాసులో, పుస్తకం లేకుండా తెలిసేది ఏదైనా చెప్పమన్నారట. "మా నాయనకు బెల్లం ఎప్పుడు దించాలో వేళ్ళకు తెలుస్తుంది సార్" అందట నిస్సీ. ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్లలంతా ఆమె చుట్టూ చేరారు. పాకం చుక్క నీళ్ళలో వేసి, ఉండ చేసి, పెనం అంచుకు కొడితే టంగుమని మోగాలని ఆమె చెంచాతో కొట్టి మరీ చూపించింది. పిట్ట కొంచెం కూత ఘనం అని నేను వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుకున్నాను. వ్యాసానికి విషయం అట్లా దొరికింది. పాకాన్ని ఎంత వేడి దగ్గర దించితే బెల్లం ఎట్లా వస్తుంది అన్నది.

రెండో ఏడు క్రిస్మస్ సెలవులకు నిస్సీ బడి థర్మామీటరు పట్టుకుని ఊరికి పోయింది. గానుగ మూలలో చిన్న పొయ్యి, చిన్న పెనం పెట్టించుకుంది. నాయన నాలుగు సార్లు పాకం పట్టాలి, తను అంకెలు రాసుకోవాలి. నూట పది డిగ్రీల దగ్గర ఒకటి, నూట పద్నాలుగు దగ్గర ఒకటి, నూట పద్దెనిమిది, నూట ఇరవై రెండు. మొదటిది లేతగా మిగలాలి, చివరిది మాడాలి. ఏది ఎంత గట్టిగా ఉందో, ఎంత తడిగా ఉందో బడికి తెచ్చి కొలవాలి.

జనవరిలో కొలిచింది. నాలుగు అచ్చులూ ఒకటే గట్టి, ఒకటే రంగు. బంగారం లాంటి బెల్లం! గీసిన గ్రాఫు చదును చేసిన మడిలా ఉంది. రసాయనశాస్త్రం చెప్పే సుకుమార్ సారు తల పట్టుకున్నాడు. థర్మామీటరు తప్పేమోనని మరిగే నీళ్ళలో పెట్టి చూశారు. అది సరిగ్గానే ఉంది. "ఈ లెక్కలతో వ్యాసం పంపితే నిలవదు నిస్సీ. ఫిబ్రవరి మొదటి వారం గడువు" అన్నాడాయన. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సాంబారు రెండో సారి అడగలేదంటే నాకు నిజంగా భయమేసింది.

ఆ ఆదివారం తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని చూసుకునే రోజు. ఇమ్మానుయేల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాస్టల్లో అందరికీ చాలేంత బెల్లం సంచీలో తెచ్చాడు. కూతురి మొహం చూసి "ఏం మా, ఒళ్ళు బాగలేదా?" అన్నాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన సంచీ కింద పెట్టాడు.

"నేనే సరిజేసినాను మా" అన్నాడు.

"ఏం సరిజేసినావు నాయనా?"

"నువ్వు తలొంచుకొని రాసుకుంటా ఉంటివి కదా. లేతగా దించమన్నవాటిని మళ్ళా పొయ్యి మింద పెట్టినాను. మాడబెట్టమన్నదాంట్లో కొంత ముందే తీసి పక్కన పెట్టుకొని, దాన్నే అచ్చులో పోసినాను. మాడింది పారబోసినాను. నా చేత్తో చెడిపోయిన బెల్లం నువ్వు పెద్ద బళ్ళోకి ఎత్తుకపోతే, సార్లు ఏమనుకుంటారు? నీకు పేరు రావాలనే కదా మా!"

నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "కంచే చేను మేసినట్టుండాది కదప్పా నీ పని!" అన్నాను. నిస్సీ మాత్రం ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పాపం ఆ మనిషి, ఇరవై ఏళ్ళలో ఒక్క పెనం చెడనివ్వలేదని పేరున్నవాడు, కూతురి ముందు తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

తరువాతి శనివారం ప్రయోగం మళ్ళీ చేయడానికి బడి అనుమతి ఇచ్చింది. ఆడపిల్లను ఒంటరిగా పంపకూడదని నన్ను తోడు పంపారు. గానుగ దగ్గర తియ్యటి ఆవిరి కమ్ముకుని ఉంది. చెరకు పిప్పి మంట భగభగమంటోంది. నిస్సీ ఈసారి నోటు పుస్తకం నా చేతికిచ్చి, "అంకెలు మీరు రాయండి మేడం. నేను మా నాయన చేతులు చూస్తా ఉంటాను" అంది. అందరూ నవ్వారు, ఇమ్మానుయేల్ కూడా.

మొదటిది లేతగానే దించాడు. అచ్చులో పోస్తున్నప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. తరువాతి రెండూ సాఫీగా నడిచాయి. అసలు కష్టం చివరిది. థర్మామీటరు నూట పద్దెనిమిది చూపించే లోపలే ఆయన ముందుకు వంగాడు.

"అయిపోయినాది మా. దించల్ల."

"ఇంకా అయిదు డిగ్రీలు ఉండాది నాయనా."

ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గట్టిగా బిగించుకున్నాడు. పాకం ఎర్రబడింది, తరువాత నల్లబడడం మొదలైంది. మాడు వాసన గానుగంతా పాకింది. పెద్ద పెనం దగ్గరి కూలీలు "ఏమబ్బా ఇమ్మానుయేలూ, నిద్రపోయినావా?" అని అరిచారు. ఆయన నా వైపు తిరిగి, "ఏడుపొస్తా ఉండాది మేడం" అన్నాడు. దాచుకోకుండా చెప్పినందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

"నూట ఇరవై రెండు! దించు నాయనా" అంది నిస్సీ.

నల్లటి ఆ ముద్దను తన చేత్తోనే అచ్చులో పోశాడు. ఒక్క చుక్క పారబోయలేదు. అప్పుడు నిస్సీ, "అయిదో పెనం నీ ఇష్టం. థర్మామీటరు నీకు కనపడకుండా నేను పట్టుకుంటాను" అంది. ఆయన ఉత్సాహం చూడాలి! చొక్కా చేతులు పైకి మడిచి, నీళ్ళలో వేళ్ళు ముంచి, ఉండ చేసి పెనం అంచుకు కొట్టాడు. టంగుమంది. దించేశాడు. నేను అంకె రాసుకున్నాను, నూట పదిహేడు. బడిలో కొలిస్తే అయిదింటిలో అదే మేలైన బెల్లం. వ్యాసంలో దానికి నిస్సీ ఒక పేజీ మొత్తం ఇచ్చింది. గడువుకు ఒక రోజు ముందే పంపింది.

జూలైలో ఫలితాలు వచ్చాయి, వాటి కోసం నిస్సీ బడికి వచ్చింది. డిప్లొమా వచ్చింది, వ్యాసానికి మంచి గ్రేడు వచ్చింది. నిస్సీ సంతోషంతో గెంతుతూ, నాయనకు ఫోను కలిపి నాకిచ్చి "మీరు చెప్పండి మేడం, నాకు మాట రావడం లేదు" అంది. నేను ఇమ్మానుయేల్‌కు చెప్పాను. ఆయన "ఆ వ్యాసం కూడా నెగ్గిందా మేడం?" అని అడిగాడు.

"నెగ్గిందప్పా."

"అట్లయితే ఆ మాడిన బెల్లం చెడిపోలేదు" అన్నాడు.