వాలుగ మింగిన నెయ్యి చెంచా

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది. స్టీలు గురించి నారాయణఖేడ్ మొత్తంలో నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడన్నది ఒకటి. మా బావ ఏ పని మొదలుపెట్టినా నేను పక్కన ఉంటే అది తప్పకుండా బాగుపడుతుందన్నది రెండోది. ఈ రెండు నమ్మకాలూ ఒకే వానాకాలంలో పోయాయి. పోతూ పోతూ మా అక్క మంచిపేరును కూడా కొంత దూరం ఈడ్చుకుపోయాయి. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వులాటే గానీ, ఆ పదిరోజులూ నేను సరిగ్గా అన్నం తిన్నది లేదు (తిన్నాను, అబద్ధమెందుకు, కానీ రుచి తెలియలేదు).

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ రెండు సబ్జెక్టుల దగ్గర ఆగిపోయింది. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి వలసపోతే నేను నారాయణఖేడ్‌లోనే ఒక గది అద్దెకు తీసుకుని, బజారులో స్టీలు సామాను దుకాణంలో పనికి కుదిరాను. పనేమిటంటే గిన్నెల మీద పేర్లు కొట్టడం. మా వైపు పెళ్లికి బిందె పెట్టినా, కొత్త ఇంటికి టిఫిన్ డబ్బా పెట్టినా, పెట్టినవాళ్ల పేరు దాని మీద ఉండాల్సిందే. పేరు లేని గిన్నెను పెట్టినా పెట్టనట్టే లెక్క. కరెంటు మిషన్ పట్టుకుని రోజంతా ఆ పేర్లు చెక్కీ చెక్కీ, ఇంటికొచ్చి చాయ్ తాగుతున్నా నా చెయ్యి వణుకుతూనే ఉండేది. మా సేటు నాకు నేర్పిన మొదటి విద్య మాత్రం పేర్లు కొట్టడం కాదు, గిన్నెను వేలి కణుపుతో కొట్టి వినడం. మందం ఉన్న స్టీలు ఖంగుమని చాలాసేపు పలుకుతుంది. పలచనిది టక్కుమని ఊరుకుంటుంది. ఆ విద్య వచ్చాక నేను ఎవరింటికి పోయినా ముందు వాళ్ల గిన్నెలు కొట్టి చూసేవాణ్ని. ఒకరిద్దరు ఇక రావద్దన్నారు కూడా.

మా అక్కను సిర్గాపూర్ దగ్గరి పల్లెలో ఇచ్చారు. బావకు నాలుగెకరాలు, కందీ పత్తీ వేస్తాడు. మంచి రైతే. కానీ నల్లవాగు ప్రాజెక్టు నిండి మత్తడి (అలుగు) దుంకిందని తెలిస్తే చాలు, ఆయనకు ఇక చేను కనపడదు, గాలం కర్ర ఒక్కటే కనపడుతుంది. ఆ ఏడు మత్తడి కింది మడుగులో ఒక వాలుగ చేరింది. వాలుగంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: పొడుగాటి చేప, ఒంటి మీద పొలుసు ఉండదు, నోరు మాత్రం చెవుల దాకా (చేపకు చెవులుంటే). ఆ నోటి నిండా దువ్వెన పండ్లలాగా సన్నని పళ్లు. చిన్న చేపలను తిని బతుకుతుంది కాబట్టి వానపాము, పిండిముద్ద లాంటివి దానికి ఆనవు. నీళ్లలో చేపలాగా తళతళలాడుతూ కదిలే బొమ్మ ఎర కావాలి.

బావ మొదట హైదరాబాద్‌లో పనిచేసే దోస్తుతో ఒక రబ్బరు కప్పను తెప్పించాడు. వాలుగ ఒక్క కాటుకు దాని రెండు కాళ్లూ తీసేసింది. తర్వాత రంగు వేసిన ప్లాస్టిక్ చేప. అది నిలువునా రెండు చెక్కలైంది. మూడోది ఏదో పైదేశం సరుకన్నారు. దాని గాలాలు తలపిన్నుల్లాగా సాపుగా విచ్చుకుని వచ్చాయి. ఊళ్లో నలుగురు కూర్చునే చోట బావ కనపడితే చాలు, వాలుగకు ఇవాళ ఏం వండి తీసుకుపోతున్నావని అడగడం మొదలుపెట్టారు. బావకు ఆ మాట బాగా కాలింది. ఆదివారం నేను పోయేసరికి అరుగు మీద ఆ మూడు ఎరల శవాలను వరసగా పేర్చుకుని కూర్చున్నాడు.

నేను ఎరలను తిప్పి తిప్పి చూసి, తప్పంతా సరుకుదేనని తేల్చాను. రబ్బరు, ప్లాస్టిక్ ఎందుకు, స్టీలు చెంచా కాడ కోసేసి రెండు కొసలా బెజ్జాలు వేస్తే నీళ్లలో చేపకంటే ఎక్కువ మెరుస్తుందని చెప్పాను. నా తెలివికి బావ కళ్లు పెద్దవయ్యాయి. మరుసటి వారం దుకాణం నుంచి కొత్త చెంచా ఒకటి తీసుకెళ్లాను. వాలుగ దాన్ని తమలపాకు మడిచినట్టు మడిచి ఉమ్మేసింది. ఈ కాలపు చెంచాల్లో మందం ఉండదు, ఆ సంగతి పెళ్లికూతుళ్ల తండ్రులకంటే నాకే బాగా తెలుసు, అయినా ఆశ.

ఇక పాత స్టీలు కావాలి. అక్కడ మొదలైంది అసలు తప్పు. ఆ మధ్యాహ్నం అక్క చేనులో కూలీలకు సద్ది పట్టుకుపోయింది. అక్క వాళ్ల అత్త (నేను అత్తమ్మ అని పిలుస్తాను, ఊరంతా ఆమెను చూసి పక్కకు జరుగుతుంది) పక్కింట్లో ఉంది. నేను వంటింట్లోకి దూరి గరిటెలు, చెంచాలు ఒక్కొక్కటే తీసి కణుపుతో కొట్టి వినడం మొదలుపెట్టాను. టక్, టక్, టక్. చివరికి నెయ్యి గిన్నెలోని పెద్ద చెంచా ఖంగుమంది. అంత మందం స్టీలు నేను దుకాణంలో కూడా వినలేదు. దాని గుంత వెనుక అరిగిపోయిన చుక్కల వరసలు ఏవో ఉన్నాయి. పాతకాలంలో మిషన్ లేనప్పుడు ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టేవాళ్లు. రోజూ పొద్దంతా పేర్లు చెక్కే నేను ఆ పేరు ఎవరిదో చదవనైనా లేదు.

"బావా, గిది సూడు. గీనికి పండ్లు దిగయి," అన్నాను.

బావ చెంచాను చూశాడు, తలుపు వైపు చూశాడు, మళ్లీ చెంచాను చూశాడు. అది వాళ్ల అమ్మదని ఆయనకు తెలుసు. "జల్దీ కోయ్," అన్నాడు.

పశువుల కొట్టం వెనుక కూర్చుని హెక్సా బ్లేడుతో కోశాం. పావుగంట పట్టింది. కాడను బావ ముళ్లకంపలోకి విసిరేశాడు. మర్నాడు పొద్దున్నే మడుగు దగ్గర మూడోసారి విసరగానే వాలుగ పట్టింది. అంతవరకూ అంత లాగుడు నేను చూడలేదు. కర్ర విల్లులా వంగింది. బావ మోకాలి లోతు నీళ్లలోకి పోయాడు, నేను ఆయన నడుము పట్టుకుని వెనక్కి లాగుతున్నాను. చేప ఒక్కసారి పైకి లేచి తల విదిలించింది. దాని దవడలో చెంచా ఎండకు మెరుస్తూ కనిపించింది. వంగలేదు, విరగలేదు, గాలం కూడా విచ్చుకోలేదు. "ఒంగలే బామ్మర్దీ, ఒంగలే," అని బావ ఏడుపు గొంతుతో అంటుండగానే తంగూసు దారం పుటుక్కుమంది. మేము అన్నీ మార్చాం గానీ, రెండేళ్లుగా ఎండలో వేలాడిన ఆ దారాన్ని మార్చాలని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. చేపా పోయింది, చెంచా పోయింది. అయినా గట్టి ఎర దొరికిందన్న సంతోషంతోనే ఇంటికొచ్చాం. అంత బుద్ధి మాది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్తమ్మ నెయ్యి గిన్నె తెరిచింది. చెంచా లేదు. వంటిల్లంతా వెతికింది, గంపలు బోర్లించింది, ఆఖరికి వచ్చి మా ముందు నిలబడి అక్కను చూస్తూ, "తల్లిగారింటికి మోసినవా?" అంది. అసలు మోయడానికి మాకొక ఇల్లంటూ ఉంటే కదా. అమ్మానాన్నలు ఇటుకల మధ్య రేకుల షెడ్డులో ఉన్నారు, నేను హోటల్లో తింటున్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. బావ తన కంచంలో ఏదో పోయినట్టు వెతుక్కుంటున్నాడు. నేను చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా, కానీ అందులోంచి, "అత్తమ్మా, ఇంకింత చారు పొయ్యి," అన్న మాట వచ్చింది. ఆ సాయంత్రం బస్సుకే నారాయణఖేడ్ వచ్చేశాను.

తర్వాత నుంచి బావ ఫోన్లు. అత్తమ్మ సామాను గది తాళంచెవి అక్క కొంగు నుంచి విప్పించి తన నడుముకు కట్టుకుందట. బియ్యం కూడా తనే కొలిచి ఇస్తుందట. ఇరుగుపొరుగు ముందు పేరు పెట్టకుండానే కోడలి చేతి గుణం గురించి మాట్లాడుతుందట. పెళ్లయిన ఏడేళ్లకు అక్క ఆ తాళంచెవి సంపాదించుకుంది. అది ఎంత కష్టమో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు. నాకు పని మీద మనసు నిలవలేదు. ఒక బిందె మీద పెట్టినవాళ్ల పేరుకు బదులు సేటు పేరు కొట్టాను. ఒప్పుకుంటే తీరిపోయేదానికి, మేమిద్దరం మగవాళ్లం కదా, ముందు చేపను పట్టి చెంచా తెచ్చేద్దామని రెండు పొద్దులు మడుగు దగ్గర కాపు కాశాం. వాలుగ మా వంక చూడనైనా లేదు.

అప్పుడు నాకు రెండో తెలివి పుట్టింది. బావను అడిగి అత్తమ్మ పేరంతా తెలుసుకుని, సేటు దగ్గర తుక్కులో పడి ఉన్న పాత చెంచాల్లో మందమైనదాన్ని ఏరి, దాని వెనుక ఆ పేరు చెక్కాను. నా జీవితంలో అంత అందంగా ఏ పేరూ చెక్కలేదు. పాతగా కనపడాలని చింతపండు, బూడిద పెట్టి ఒక పూటంతా తోమాను. అత్తమ్మకు చదువు రాదు, చూపు కూడా అంతంతే, ఇక ఏం పట్టుకుంటుందిలే అనుకున్నాను. ఆదివారం పోయి, కందుల గుమ్మి వెనుక దొరికిందని బావ చేతనే ఇప్పించాను.

అత్తమ్మ చెంచాను కళ్ల దగ్గరికి తీసుకోలేదు. వెనక్కి తిప్పి బొటనవేలితో ఒక్కసారి రాసింది. అంతే, దాన్ని పక్కన పెట్టేసింది. "బ్యాడ. ఇది నాది గాదు," అంది (ఆమె తల్లిగారిది కంగ్టి అవతలి ఊరు, కోపం వస్తే సగం కన్నడం వస్తుంది; బ్యాడ అంటే వద్దని). తర్వాత నెమ్మదిగా అక్క వైపు తిరిగింది. "మా అన్న బీదర్‌ల కొని, నా ముంగటనే తన పేరు కొట్టిచ్చిండు. రోజు నెయ్యి ఏసి తుడుస్తుంటె నా ఏలికింద ఉంటది గా పేరు. అది మాయం జేసి, గీ కొత్తది జేపిచ్చుకొచ్చినవా నన్ను మోసం జేస్తందుకు?"

చుక్కలకు అలవాటుపడిన ఆ వేలికి నా మిషన్ గీత నున్నగా తగిలిందన్నమాట, పైగా నేను చెక్కిన పేరే వేరు. అక్క ముఖం చూడలేకపోయాను. నేను చేసిన పనివల్ల దొంగతనం మీద మోసం కూడా చేరింది. ఇక ఆగడం నావల్ల కాలేదు. వంటింట్లో గిన్నెలు కొట్టి వినడం దగ్గర మొదలుపెట్టి, తంగూసు తెగడం దాకా అంతా చెప్పేశాను. మధ్యలో బావ దూలం వైపు చూస్తూ, "కోసింది మాత్రం వీడే," అన్నాడు. (ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని.)

అత్తమ్మ వాళ్ల అన్న పోయి అప్పటికి పదేళ్లని నాకు తర్వాత తెలిసింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "చేప గంత పెద్దదా?" అని అడిగింది. నేను చేతులు చాపి చూపించాను. బావ నా చేతుల్ని ఇంకో జానెడు ఎడం చేశాడు. అప్పుడామె నడుము నుంచి తాళంచెవి విప్పి అక్క ముందు గట్టు మీద పెట్టింది. నేను క్షమించమని కాళ్ల మీద వంగబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నాకెందుకు చెప్తవురా. మాటలు పడ్డది అది," అని లోపలికి పోయింది.

అక్క పెరట్లో గిన్నెలు తోముతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చెంచా మేమే కోశామని మళ్లీ మొదటినుంచి చెప్పబోయాను.

"తెల్సు తమ్మీ. సద్ది ఇచ్చొచ్చినంక సప్పుడు ఇని కొట్టం ఎన్కకు ఒచ్చిన. మీరిద్దరు కోస్తుంటిరి," అంది.

మరి మొదటి రోజే అత్తమ్మకు ఎందుకు చెప్పలేదని అడిగాను. అక్క గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుంది.

"నేను దొంగనైతె నాల్గు దినాలు తిట్టి ఊకుంటది. నువ్వు దొంగవైతె మల్ల గడప తొక్కనియ్యది. నాకు తల్లిగారింటికెల్లి ఒచ్చేటోనివి నువ్వొక్కనివే గదరా."

నేను ఏడ్చాను. మూతి మీద మీసం పెట్టుకుని, పెరట్లో, కోళ్ల మధ్య కూర్చుని ఏడ్చాను. అక్క నవ్వి, ఊరుకో, ఎవరన్నా చూస్తే నెయ్యి చెంచా కోసం ఏడుస్తున్నాడనుకుంటారు అంది.

ఇప్పుడు నాకు ముప్పై ఐదు దాటాయి. నారాయణఖేడ్‌లో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాను. ఉక్కు గాలాల ఎరలు ఫోన్‌లో నొక్కితే ఇంటికే వస్తున్నాయి, అల్లిన దారాలు వస్తున్నాయి, వాలుగలు కూడా అప్పుడప్పుడు వస్తున్నాయి. వానాకాలంలో నేనూ బావా ఇప్పటికీ మడుగుకు పోతాం. పోయేముందు మాత్రం నేను వంటింటి గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ అడగకుండానే సంచి తెరిచి లోపల ఏమేమున్నాయో అక్కకు ఒక్కొక్కటే చూపిస్తాను. ఇంత వయసొచ్చినవాడికి ఈ తనిఖీ ఏమిటని బావ బయటినుంచి గొణుగుతుంటాడు. అక్క చూడను కూడా చూడదు. రొట్టె తడుతూనే, "సరే పో, జల్దీ రా," అంటుంది.