పది లక్షల తొమ్మిది

ఆ ఫోను అవతల పెట్టి ఇలా కూర్చో తల్లీ. సరిగ్గా విని, చెప్పింది చెప్పినట్టు రాయి. పొద్దున్న నేను పది లక్షల తొమ్మిది అన్నానో లేదో, రెప్పపాటులో దాన్ని భాగించి రెండు ముక్కలు చేసి చూపించావు. మీ తాతయ్య అది విరగదని నమ్మే పోయారని ఇన్నేళ్లూ అనుకున్నాను.

డెబ్బైల చివర్లో పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఇనప ఖనిజం యార్డులో వ్యాగన్ల నంబర్లు రాసుకోవడం ఆయన పని. పగలంతా అంకెలు చూసిన మనిషి ఇంటికొచ్చి మళ్లీ వాటితోనే ఆడుకునేవారు. మాటలే పొదుపు. కూరలో ఉప్పు లేకపోయినా చెప్పరు, పెరుగు ఎక్కువ వేసుకుంటారు, నేనే గ్రహించాలి. పెళ్లయిన ఏడాదికి ఒకరోజు తనంతట తానే అన్నారు, "ఈ పది లచ్చల తొమ్మిది ఎవలికీ లొంగదే. సూస్తావేటి?" దేనితో భాగించినా శేషం మిగులుతుందట. వెయ్యి దాకా చూస్తే చాలట, విరిగేదైతే చిన్న ముక్క ఆ లోపే దొరకాలట. అదీ అన్నిటితో కాదు, తాము విరగని రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు లాంటి వాటితోనే. రోజుకొకటి.

పలక అక్కర్లేదు. పొద్దున్న తుడిచిన వరండా మీద మధ్యాహ్నానికల్లా యార్డు ఎర్రదుమ్ము మళ్లీ పరుచుకునేది. అందులోనే వేలితో భాగహారం. పక్క క్వార్టర్ ఆవిడ ఊరుకునేది కాదు. "ఏటమ్మా, ముగ్గేసే సోట అంకెలేస్తన్నావు? లచ్చిందేవి లెక్కలు నేర్సుకుని వత్తాదేటి?" ఆయన మొదటి షిఫ్టు దిగి, అన్నం తిని, నా పక్కన చతికిలబడేవారు. శేషం చెప్పగానే నేల మీద వేసిన అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, నా లెక్క తప్పో ఒప్పో తేల్చేవారు. ఒక్కరోజూ నన్ను ఊరికే నమ్మలేదు! ఆ అరగంటే మేం మాట్లాడుకున్నది.

రెండు నెలలకి రెండువందల తొంభైమూడు వంతు వచ్చింది. చివర ఎనిమిదివందల డెబ్బైతొమ్మిది నిలిచింది. సరిగ్గా మూడుసార్లు పోయింది. కింద సున్నా. లెక్క తెగిపోతే రేపటి నుంచి ఈయన నా పక్కన ఎందుకు కూర్చుంటారు? గేటు చప్పుడైంది. అరచేత్తో అంతా తుడిచేశాను.

"ఎంత మిగిలిందే?"

"నాలుగండి."

తుడిచిన నేల చూశారు. ఎర్రబడిన నా అరచెయ్యి చూశారు. "సర్లే. రేపు మూడొందల ఏడు సూద్దుం."

ఆ తర్వాత మూడున్నర నెలలు కూర్చున్నాం. వెయ్యి దాటిన రోజు, విరగలేదని జిలేబీ పొట్లం కూడా తెచ్చారు.

నీ ఫోను చూశాకే నాకు తట్టింది. ఆ ఒక్కరోజు ఆయన తొమ్మిదులు తీయలేదు. లెక్క మళ్లీ వేయించి తీసుంటే నా అబద్ధం అక్కడే దొరికేది. ఆ మూడున్నర నెలలూ ఆయన దగ్గర దొంగిలించానని నలభై ఏళ్లకు పైగా లోపలే దాచుకున్నాను. తెలిసే ఇచ్చారేమో. తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు ఊరికే పోయాయో, వాటిలో ఒక్కటి తిరిగొస్తే చాలు, ఏమండీ, మీకు ఆ రోజే... అదిగో, వంటింట్లోంచి మీ అమ్మ. "అన్నం సల్లారిపోతంది, లెగమ్మా!"