కాసిపేట గోలుకు చప్పట్లు కొట్టిన కాక

ఇది రాయకూడదనే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం. గెలిచిన ఆటలకంటే ఓడిన ఆటలే ఎక్కువున్న ఫుట్‌బాల్ టీమును నడిపిన మనిషి గురించి ఎవరు చదువుతారన్నది ఇంకో కారణం.

మా టీం కాక పోయాడని బసంత్‌నగర్ నుంచి వచ్చిన సిమెంటు లారీ డ్రైవరు మా ఊళ్లో మల్లన్న హోటల్ ముందు బండి ఆపి చెప్పాడు. రిటైరయ్యాక కాక అక్కడే కూతురింట్లో ఉంటున్నాడు. చాయ్ తాగుతున్నవాళ్లం గ్లాసులు కింద పెట్టాం. కాసేపటికి మళ్లీ అందుకున్నాం, ఎందుకంటే అప్పటికే వాదన మొదలైంది: కాక మనోడా, కాసిపేటోడా? మనిషి పోయినా ఆ వాదన పోలేదు.

అంత్యక్రియలకు వెళ్తే కాక అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకు గని పెద్దబాపు, మా మామకు నిజంగ ఫుట్‌బాల్ వచ్చునా?"

లారీకి టైమైందని చెప్పి తప్పించుకున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు. రాస్తూ పోతే నాకైనా తెలుస్తుందేమోనని.

మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. కాక మా బాయిలో సర్దారు. లోపల పనిచేసే కొందరి మంచిచెడ్డలు ఆయన బాధ్యత. నేను లాంపు రూములో ఉండేవాణ్ని. దిగేవాళ్లకు టోపీ లైటు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం నా పని. ఆ కిటికీలోంచి నేను చూసిన లోకం ఇంతా అంతా కాదు. ఇంట్లో పోట్లాడి వచ్చినవాడు లైటు ఎలా లాక్కుంటాడో, కొత్తగా పెళ్లయినవాడు ఎలా మరిచిపోతాడో ఒక పుస్తకం రాయొచ్చు. అది వదిలేద్దాం. కాక లైటు మాత్రం ఎప్పుడూ చివరనే వచ్చేది. బాయి మూతి దగ్గర నిలబడి, పైకొచ్చిన ఒక్కొక్కరి భుజం తట్టి, అందరూ అయ్యాకే తను వచ్చేవాడు.

"దిగినోళ్లు దిగినట్టె పైకి రావాలె" అనేవాడు. ఆయన నోట ఎక్కువసార్లు విన్న మాట అదే. మా ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు, అయినా నాకూ కాకే.

అరవైల చివర్లో కాసిపేట బాయి నుంచి బదిలీ మీద వచ్చాడు. అప్పటివరకు టీమును చూసుకున్నాయన వేరే బాయికి వెళ్లిపోతే, హాజరు వేసే మస్టరు దగ్గర ఆఫీసరు "టీం ఎవరు చూసుకుంటారు?" అని అడిగాడు. ఆట తెలిసినవాళ్లంతా నేల చూశారు. కాక ఒక్కడే ఆయన మొహం చూశాడు. టీం ఆయనదైపోయింది.

ఈ ఊళ్లో కాకకు చుట్టాలు లేరు. ఆ టీమే చుట్టరికం. ఆదివారం ప్రాక్టీసు కాగానే పోరగాళ్లంతా ఆయన క్వార్టరు ముందు కూలబడేవారు. ఆయన భార్య, మా అందరికీ కాకి, సర్వపిండి కాల్చి పెట్టేది. జెర్సీలు ఉతికి తీగ మీద ఆరేసేది కాక. బొగ్గు దుమ్ములో ఆడేవాళ్ల జెర్సీ అసలు రంగేమిటో మా కాలనీలో తెలిసిన మనిషి ఆయనొక్కడే.

మా గ్రౌండులో గోలు కర్రలు బాయిలో కప్పు కూలకుండా ఆనించే దుంగలే. లోపల ఆ దుంగలు నిలబెట్టడం ఓదెలు అనే పోరగాడి పని. పైన వాటి మధ్య గోలీగా నిలబడటం కూడా ఓదెలు పనే. మొదటిది బ్రహ్మాండంగా చేసేవాడు.

మల్లన్న హోటల్లో రోజూ ఇదే పంచాయితీ. బొగ్గు టబ్బులు లాగే హాలర్ నడిపే కొమురన్న గొంతు అందరికంటే పెద్దది. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా బంతిని తన్నలేదు, అది వేరే సంగతి.

"గా ఓదెలును ఎందుకు పెడ్తడే? వాని కాళ్ల నడుమకెల్లి బర్రె పోతది. బంతి పోదా?"

లారీ మెకానిక్కు రహీం భాయ్‌కి కాకంటే ఇష్టం. "పొడుగున్నడు గదన్నా. పైనుంచి వచ్చేది పడ్తడు."

"పైనుంచి వచ్చేది బాయిల! ఈడ కిందికెల్లి వస్తది!"

ఓదెలు కాకకు దూరపు చుట్టమని ఒకరన్నారు. కల్లు పోయిస్తాడని ఇంకొకరన్నారు. ఏదీ నిలవలేదు. అప్పుడే మా టీం కాసిపేట వెళ్లింది.

వాళ్ల కుర్రాడొకడు మూల నుంచి బంతి అందుకుని, తిరిగి, చూడకుండానే కొట్టాడు. బంతి గాలిలో వంగి, ఓదెలు వేళ్లకు జానెడు దూరంలోంచి లోపల పడింది. మా వైపు అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో టప్‌మని ఒక చప్పుడు. తిరిగి చూశాం. కాక రెండు అరచేతులు ఇంకా అతుక్కునే ఉన్నాయి.

ఓడిపోయి వచ్చాం. ఓటమిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ చప్పుడు మీద మాత్రం వారం రోజులు వాదన నడిచింది.

"దోమను కొట్టిండేమో" అన్నాడు రహీం భాయ్.

"కాసిపేట దోమనా?" అన్నాడు కొమురన్న.

చేతుల దుమ్ము దులుపుకున్నాడని మల్లన్న. తువ్వాల కోసం వెతుక్కున్నాడని నేను. చివరికి కాకనే పిలిపించారు. వచ్చి కూర్చున్నాడు, చాయ్ అందుకున్నాడు.

"నిజం జెప్పు కాకా. చప్పట్లు కొట్టినవా, లేదా?"

"కొట్టిన. పోరడు మంచిగ కొట్టిండు గదనే."

"గోలు మనకు పడ్డది!"

"అవ్. గది ఓదెలుకు అందది. ఎవ్వలకు అందది."

కొమురన్న లేచి నిలబడ్డాడు. "ఇన్నరా? పానం కాసిపేట్ల ఉన్నది. అందుకే గా ఓదెలును పెడ్తుండు!"

క్లబ్బు కమిటీ అంటే హోటల్లో కూర్చునేవాళ్లే. తీర్పు చెప్పేశారు. వచ్చే నెల కాసిపేట మా గ్రౌండుకొస్తుంది. ఓదెలును తీసేసి రహీం భాయ్ తమ్ముడు బషీరును గోల్లో నిలబెట్టాలి. లేదూ, ఓదెలుతోనే ఆడి ఓడితే కాక టీమును వదిలెయ్యాలి. కాక చాయ్ అయ్యేదాకా విన్నాడు. "మంచిది" అని వెళ్లిపోయాడు. దేనికి మంచిదన్నాడో మళ్లీ వాదన.

ఆట రోజు ఓదెలే నిలబడ్డాడు. సగం ఆటకే రెండు గోల్స్ పడ్డాయి. కాసిపేటవాళ్లకే జాలేసినట్టుంది, నెమ్మదిగా పరిగెత్తసాగారు. విరామంలో కొమురన్న బషీరును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"తియ్యి కాకా వాన్ని! ఇంకా ఆట ఉన్నది. ఇప్పుడన్న తియ్యి!"

ఓదెలు మొహం మీద చెమట, మసి కలిసి కారుతున్నాయి. "నన్ను తియ్యి కాకా. నాతోని కాదు. నీ టీం పోతది."

"దిగినోళ్లు దిగినట్టె..." అని మొదలుపెట్టాడు కాక.

"ఇది బాయి కాదు!" కొమురన్న అరిచాడు. "ఆట!"

"ఆటయితె గింత లొల్లి ఎందుకే?" అన్నాడు కాక. తర్వాత ఓదెలు భుజం తట్టాడు. "పోయి నిలవడు. నీ ఎన్క నేనుంట."

అన్నట్టే గోలు వెనక వెళ్లి నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. రెండో సగంలో ఓదెలు ఒక్కటీ వదల్లేదు. ఒకటి ఛాతీతో ఆపాడు, ఒకటి మొహంతో. మావాళ్లు ఒక గోలు కొట్టారు కూడా. రెండోది కొట్టలేదు. ఓడిపోయాం.

ఆ సాయంత్రమే కాక బంతినీ జెర్సీల మూటనూ తెచ్చి హోటల్ బెంచీ మీద పెట్టాడు. జెర్సీలు ఇంకా తడిగా ఉన్నాయి. "ఉతికిన, ఆరవెట్టుకోండ్రి" అన్నాడు. మూట కొమురన్న అందుకున్నాడు, టీం ఆయనదైంది. తర్వాతి ఆదివారం ప్రాక్టీసు కాగానే పోరగాళ్లు కొమురన్న ఇంటి వైపు నడిచారు. కాక క్వార్టరు ముందుకు ఓదెలు ఒక్కడే వెళ్లాడు. కాకి అలవాటుకొద్దీ అందరికీ కాల్చి ఉంచిన సర్వపిండి వాడు తినగలిగినంత తిన్నాడట.

కొమురన్న చేతికొచ్చిన మొదటి ఆటకు బషీరుకు రెండో షిఫ్టు పడింది. గోల్లో ఎవరు నిలబడతారని అడిగితే హోటల్లో అందరూ గ్లాసుల్లోకి చూశారు. ఓదెలే నిలబడ్డాడు. కాక వచ్చాడు, తిన్నగా గోలు వెనక్కి వెళ్లాడు.

"గాడెందుకే కాకా, ఈడికొచ్చి బెంచీ మీద కూసో" అని కొమురన్నే పిలిచాడు.

"ఈడికెల్లి మంచిగ కనవడ్తది."

అక్కడ్నుంచి ఏం కనిపిస్తుందోనని ఒకసారి నేనూ వెళ్లి నిలబడి చూశాను. ఓదెలు వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. అయినా ఓదెలు ఆడినన్నాళ్లూ కాక అక్కడే నిలబడ్డాడు. సగం ఆట కాగానే ఓదెలు వైపు మారితే, గ్రౌండు చుట్టూ నడిచి ఆ చివరకు వచ్చేవాడు. కాసిపేటతో ఆట ఉన్నప్పుడు కూడా అంతే. ఆ రోజుల్లో మాత్రం రెండు చేతులతో తువ్వాల కొసలు గట్టిగా పట్టుకునేవాడు.

రిటైరయ్యే ముందు లైటు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఇప్పుడన్న జెప్పు. నువ్వు మనోనివా, కాసిపేటోనివా?"

"బాయి పని ఆడ నేర్సిన. ఈడ చేసిన. ఏది ఇడువాలె?"

"మరి ఆఫ్‌సైడ్ అంటే ఏందో తెల్సునా?"

"నువ్వు జెప్పినవు గద మొన్న, చాయ్ గిలాసలు పెట్టి."

"అర్థమయిందా?"

"గిలాసలు అర్థమయినయ్" అని నవ్వి, లైటు కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు.

అల్లుడికి ఏం చెప్పాలో ఇంతదూరం రాసినా నాకు తెలియలేదు. ఫుట్‌బాల్ రాదనే అనుకుంటాను. ఆట వచ్చినవాళ్లకు మాత్రం ఆ దుంగల మధ్య నిలబడతాననే మనిషి దొరకలేదు.

అంత్యక్రియలయ్యాక మమ్మల్ని తెచ్చిన లారీ దగ్గరికి నడిచాం. ముసలివాళ్లం, ఎక్కడం కష్టం. ఓదెలు కింద నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి ఆసరా ఇచ్చాడు. కొమురన్న పైనుంచి, "నువ్వెక్కవేందిరా, పొద్దు గూకుతుంది" అన్నాడు.

"మీరెక్కుండ్రి" అన్నాడు ఓదెలు.

అందరం ఎక్కాం. అతను వెనక తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. చక్రం మీద కాలు పెట్టి చివరన ఎక్కాడు. లారీ కదిలింది.