వీపున్న బుద్ధుడు

మా మౌల్డింగ్ మేస్త్రి పోయాడన్న కబురు మొన్న ఉదయం ఫిల్మ్‌నగర్ టీకొట్టు దగ్గర తెలిసింది. చెప్పినవాడు టీ ఊదుకుంటూ చెప్పాడు. నేను గ్లాసు కింద పెట్టేసి రహమత్ నగర్‌లో ఆయన ఇంటికి బయల్దేరాను.

మీరు ఆయన్ని ఎరగరు. ఆయన బొమ్మల్ని మాత్రం చూసే ఉంటారు. హీరోయిన్ దండం పెట్టుకునే అమ్మవారు, విలన్ కుర్చీ వెనక రాతి సింహం, అన్నీ ప్లాస్టర్‌తో, కొబ్బరిపీచుతో ఆయన పోసినవే. సెట్లో బొమ్మకు ముందు భాగమే ఉంటుంది. వెనక వెదురు బద్దలూ గోనెపట్టాలూ. షూటింగ్ అయ్యాక గడ్డపారతో పగలగొట్టి ఫ్లోర్ ఖాళీ చేస్తారు. ఆ పని దగ్గరుండి చేయించే ఆర్ట్ అసిస్టెంటుని నేనే.

ఒకసారి పాట కోసం బ్యాంకాక్ వెళ్లాం. పని లేని పూట అక్కడి పాత బౌద్ధాలయం చూపించారు. పడుకున్న బుద్ధుడు, ఈ చివర నుంచి ఆ చివర దాకా బంగారమే. అందరం ముఖం దగ్గర ఫొటోలు దిగుతుంటే, మేస్త్రి అలవాటు కొద్దీ పాదం మీద వేలి కణుపులతో కొట్టి చూశాడు, డొల్లదో గట్టిదో తెలుసుకోవాలని. కాపలావాడు కసిరాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన అదేమీ పట్టనట్టు వెనక్కి నడిచాడు, ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే, గోడకూ బుద్ధుడి వీపుకూ మధ్య సందులో నిలబడి ఉన్నాడు.

"లోపల ఇటుకనేనంట తమ్మీ, పైన సున్నం. మన పనే. గానీ గిటు జూడు, వీపు గూడ జేసిండ్రు. గోడ దిక్కున్న వీపు ఎవడు జూస్తడని జేసిండ్రు?"

అంటూనే కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగొచ్చాక ఒక పాట సెట్టుకి కూర్చున్న బుద్ధుడి బొమ్మ కావాల్సి వచ్చింది. మేస్త్రి వీపు కూడా పోశాడు. దాని మీద వస్త్రం మడతలు ఒక్కొక్కటీ వేలితో తీర్చాడు. పని ఒక రోజు ఆలస్యమైంది. "ఎవరు చూస్తారని ఇదంతా?" అని నలుగురిలో ఆయన్ని తిట్టాను. పెద్దవాడన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు.

షూటింగ్ అయిపోయిన సాయంత్రం దగ్గరికొచ్చాడు. "రేపు పొద్దుగాల మా ఇంటామె వస్తది తమ్మీ. ఇన్నేండ్లల్ల నా పని ఎన్నడు జూడలే. జర గప్పటిదాంక ఉండనియ్యి."

ఉంచుతానని మాటిచ్చాను. తెల్లారి ఫ్లోర్ కావాలని మేనేజర్ తొందరపెట్టాడు. ఒక్క గంట ఆగండని అడగకుండానే గడ్డపారల వాళ్లని పిలిచాను. ఆవిడ వచ్చేసరికి ముక్కలే మిగిలాయి.

మేస్త్రి నన్నొక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా తమ్మీ అనే పిలిచాడు. పని నేర్పించాడు, తన డబ్బాలో అన్నం నాకూ పెట్టాడు. క్షమించమని అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే ఏళ్లు గడిపేశాను.

నేను వెళ్లేసరికి ఆయన్ని తీసుకెళ్లిపోయారు. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేనెవరో పోల్చుకోలేదు. ఆయనతో పనిచేసినవాణ్ణని చెబితే, లేచి దేవుడి గూట్లోంచి అరచేయంత ప్లాస్టర్ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆయన జేసిన బుద్ధుడు సార్. మొఖం ఏరుకుందామంటే పొడిపొడి అయింది. గిదొక్కటే దొరికింది. గప్పటి సంది మొక్కుతున్న."

రోజూ పెట్టిన కుంకుమ కింద మూడు మడతలు, వేలితో తీర్చినవి. వీపు మీదివి.