ఖాళీ లవంగాల డబ్బా

మా ఆయన చూర్ణాల వైద్యుడు. ముప్పై నాలుగేళ్లుగా ముందు గదిలో అదే చెక్క కుర్చీ, ఎదురుగా రోగికి ఒక పొట్టి స్టూలు. వెనక గది నాది. ఎండబెట్టడం, దంచడం, జల్లెడ పట్టడం, పొట్లాలు కట్టడం. పేరు ఆయనకి, తుమ్ములు నాకు.

ఆయనకు పేరొచ్చింది నోటి వాసన వైద్యంతోనే. ఆ బాధ ఉన్నవాళ్లు ఎవరితోనూ చెప్పుకోలేక తలొంచుకుని వస్తారు. ఆయన వాళ్లను సిగ్గుపడనివ్వరు. "మణికట్టు నాకండి, ఆరనివ్వండి, ఇప్పుడు వాసన చూసుకోండి" అంటారు. నాలుక చాపమంటారు. నీళ్లు ఎన్ని తాగుతారు, నోరు తెరిచి పడుకుంటారా, చిగుళ్లలో రక్తం వస్తుందా, అరుగుదల ఎలా ఉంది, అన్నీ అడుగుతారు. సగం మందికి మందే ఇవ్వరు, నాలుక శుభ్రంగా గీసుకోమని పంపేస్తారు. కొందరికి త్రిఫల కషాయం పుక్కిలించమని ఇస్తారు. పుచ్చు పన్ను కనిపిస్తే మాత్రం "నా చూర్ణం దీన్ని పూడ్చదు, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని తేల్చి చెప్పేస్తారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. పెళ్లాన్ని గనక పైకి చెప్పలేదు.

అలాంటి మనిషి నోరే వాసన కొట్టడం మొదలైంది.

కిందటేడు వానల్లో మొదటిసారి గమనించాను. చొక్కా తిరగేసి తొడుక్కుంటే నలుగురిలో చెప్పేసేదాన్ని, ఇది మాత్రం చెప్పలేకపోయాను. నోళ్లు బాగుచేసే మనిషితో ఆ మాట ఎలా అనను? ఆయనకు బుగ్గన లవంగం పెట్టుకునే అలవాటు. ఆ డబ్బా రోజూ నేనే నింపుతాను. పది వేసేదాన్ని ఇరవై వేశాను, తరవాత డబ్బా నిండా వేశాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను.

వాసన లవంగాన్ని కూడా దాటుకుని వచ్చింది. రోగులు స్టూలు జానెడు వెనక్కి జరుపుకునేవాళ్లు. ఆయన ముందుకు వంగేవారు. వాళ్లు మళ్లీ జరిగేవాళ్లు. సాయంత్రానికి స్టూలు గుమ్మం దగ్గర తేలేది. నేను దాన్ని తెచ్చి చప్పుడు కాకుండా మొదటి చోట పెట్టేదాన్ని.

నెమ్మదిగా జనం తగ్గారు. "అందరికీ మాత్రలే కావాలి, ఓపికలు లేవు" అనేవారాయన. పనిలేక సీసాల మీది చీటీలు ఊడదీసి మళ్లీ అంటించేవారు. ఒకరోజు మామూలుగానే, "ఈ గది ఇక మూసేద్దామా?" అన్నారు. ఆ గది లేకపోతే ఆయన ఏం చేసుకుంటారు?

మర్నాడు డబ్బా నింపలేదు. లవంగం లేకపోతే వాసన తనకే తెలిసొస్తుందని నా ఆలోచన.

మధ్యాహ్నానికి దవడ పట్టుకుని వెనక గదిలోకి వచ్చారు. "లవంగాలేవీ?"

"నింపలేదండీ."

"కింది పన్ను ప్రాణం తీస్తోంది. ఇన్నాళ్లూ లేని నొప్పి ఒక్క పూటలో..." అని మధ్యలో ఆగిపోయారు. లవంగం నొప్పిని మొద్దుబారుస్తుందని అందరికీ చెప్పే మనిషే. నావంక చూసి, మణికట్టు నాకి, ఆరేదాకా నిలబడి, వాసన చూసుకున్నారు.

"ఎన్నాళ్ల నుంచి?" రోగిని అడిగినట్టే అడిగారు.

"ఏడాది దాటింది."

"వచ్చేవాళ్లకి తెలుసా?"

"స్టూలుక్కూడా తెలుసు."

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. మూకుళ్ల మధ్య కూలబడ్డారు. "మరి నువ్వు ఒక్కరోజైనా మొహం తిప్పుకోలేదే?"

"తిప్పుకుంటే మీకు తెలిసిపోతుందని."

అనేశాక ఏడుపొచ్చింది. రోజూ లవంగాలు దంచే నాకు ఇంతకాలం తట్టనేలేదు, నేను దాచింది వాసన ఒక్కటే కాదు, నొప్పిని కూడా అని. పన్ను లోపల్లోపల పుచ్చుతుంటే ఆయనకు తెలియకుండా చేసింది నా డబ్బాయే. ఆయన తిట్టలేదు. తిట్టినా బావుండేది.

ఆ సాయంత్రమే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. అక్కడికి ఎందరినో పంపారు గానీ, ఆ కుర్చీలో తాను కూర్చోవడం అదే మొదలు. పన్ను పీకేశారు.

పుండు మానాక ఒక పొద్దున, ముందు గది తలుపులు తీయకముందే, ఆయన వెళ్లి రోగి స్టూలు మీద కూర్చున్నారు. నన్ను తన కుర్చీలో కూర్చోమన్నారు. నోరు తెరిచి నా మొహం మీదకి ఊదారు.

"చెప్పు. మొగుడని మొహమాటపడకు."

ఏమీ లేదండీ అనే మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇంకా కాస్త ఉందండీ."

ఆయన తలూపారు. "నాలుక గీసుకుని వస్తాను, మళ్లీ చూద్దువుగాని" అని లేచి పెరట్లోకి వెళ్లారు. వచ్చేలోగా నేను స్టూలును ఇంకాస్త దగ్గరికి లాగి పెట్టాను.