ఇనుప పొట్టేళ్ళ వేటకు కొన్న ప్రెస్సు

నిన్న మనుమడి కోసం జంతికలు వత్తుతూ, గొట్టం పిడి మీద బరువంతా వేసి కిందికి నొక్కేసరికి చెయ్యి ఆగిపోయింది. న్యూజీలాండులో బోటనీ డౌన్స్ అనే పేటలో ఉన్నప్పుడు మా ఆయన గ్యారేజీలో సరిగ్గా ఇలాగే భుజం వంచి తూటాలు తయారుచేసే ప్రెస్సు పిడి లాగేవారు. నూనె పొగ వచ్చేదాకా అలాగే నిలబడిపోయాను.

ఈ శతాబ్దం రెండో దశకం నడిమి సంగతి అది. ఆయనది కడప వైపు, నాది కృష్ణ ఒడ్డు. కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే మనిషికి యాభై దాటాక పిస్టలు పిచ్చి పట్టింది. పిస్టలుతో జింకల్ని కొట్టినవాళ్ళ ఫొటోలు అమెరికా పత్రికల్లో చూసి మురిసిపోయేవారు. న్యూజీలాండులో ఆ ముచ్చట తీరదు, పిస్టలుతో వేటకు చట్టం ఒప్పుకోదు. అందుకని పిస్టలు క్లబ్బులో దూరంగా నిలబెట్టిన ఇనుప బొమ్మల్ని, కోళ్ళనీ పొట్టేళ్ళనీ, కాల్చి పడగొట్టేవారు. ఏకాదశి నాడు కూడా వెళ్ళదగ్గ వేట అని నేను ఆటపట్టించేదాన్ని. పొట్టేలు పడాలంటే వేట తూటాకున్నంత జోరు కావాలి. అలాంటివి సొంతంగా తయారు చేసుకోవాలని ఆయన పంతం. కాల్చేసిన తూటాల ఇత్తడి గుల్లల్ని ఏరి తెచ్చి, మందు కొలిచి పోసి, పైన గుండు బిగించాలి. మందంటే తుపాకి మందే. ఈయన ఇక శనివారాలు మందు కొలుచుకుంటూ కూర్చుంటారట అని విజయవాడలో ఉన్న అక్కకు ఫోనులో చెబితే, "పోన్లేవే, కొలిచే తాగుతున్నాడుగా" అని ఓదార్చింది.

నవ్వానే గానీ నాకు లోపల భయంగానే ఉండేది. ఒకే గుల్లలో మందు రెండుసార్లు పడితే పిస్టలు చేతిలోనే పేలిపోతుందని క్లబ్బువాళ్ళు చెప్పారు. ఈయన చూస్తే, షాపింగ్ సెంటర్లో కారు మరిచిపోయి వదిలేసి బస్సెక్కి ఇంటికొచ్చిన మనిషి. వయసు మరుపులే అనుకున్నాను.

ప్రెస్సు కోసం మనురేవా దాటి ఒక చిన్న తుపాకుల దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు, తెల్లగడ్డంతో ఉన్న అక్కడి కివీ పెద్దాయన, రెండు రకాలు చూపించాడు. ఒకదానికి గుండ్రటి పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, పిడి లాగినప్పుడల్లా ఒక తూటా తయారై పడుతుంది. రెండోది మొద్దు ఇనుప చట్రం. దానితో ఒకసారికి ఒక్క పనే. గుల్లలన్నిటికీ ఆ పని అయ్యాకే తరువాతి పని మొదలుపెట్టాలి. మా ఆయన కుక్కరు మూడో కూత దాకా ఆగలేని మనిషి కదా, మొదటిదే కొంటారనుకున్నాను. ఆయన దాని పిడి లాగి చూసి, లోపలికి తొంగి చూసి, వదిలేశారు. "నాకు ఈ మొద్దుదే కావల్ల" అన్నారు.

"దీంతో అయితే రోజంతా గ్యారేజీలోనే ఉంటారేమో!" అన్నాను.

"ఉంటా. నువ్వూ ఉండల్ల."

ఈ వయసులో సరసమేమిటని సిగ్గుపడి, దుకాణదారు వైపు చూడలేకపోయాను. ఆ పెద్దాయనకు తెలుగు రాదన్న సంగతి కారెక్కాక గుర్తొచ్చింది.

అక్కడ జూలై అంటే చలికాలం. ఆ చలిలో గ్యారేజీయే మా ఇల్లయింది. రేకుల మీద వాన, కాళ్ళ దగ్గర హీటరు, ఇత్తడి వాసన. చెక్కదిమ్మె గుంటల్లో గుల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడేవి. మందు పోయడం అయ్యాక, గుండ్లు బిగించేముందు ఆయన టార్చి నా చేతికిచ్చి, "అన్నీ ఒకే మట్టంగా ఉండాయా, చూడు" అనేవారు. చూసేదాన్ని, ఉన్నాయనేదాన్ని. ఒక శనివారం మాత్రం ఒక గుల్లలో మందు అంచుదాకా ఉంది. వేలితో చూపించాను. ఆయన వంగి చూసి, నా చేతిలోంచి టార్చి తీసుకుని మళ్ళీ చూశారు.

"రెండోసారి పోసింది గుర్తే ల్యాదు నాకు" అన్నారు చివరికి. కుర్చీలో కూర్చుని, నా ముఖం చూడకుండా చెప్పారు. "ఆ గిర్రున తిరిగేదాంట్లో ఏం పడిందో నీకు కనపడదు. అందుకే దీన్ని తెచ్చుకున్యా. నా మతి సరిగ్గా ల్యాదు, నాకు తెలుస్తానే ఉంది. నువ్వు చూస్తావులే అని ధైర్యం."

ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. ఇంత సంగతి దాచి, ప్రాణం మాత్రం నా చేతికిచ్చి నిశ్చింతగా కూర్చున్నారు కదా అని. ఆయన మందంతా తిరిగి డబ్బాలో పోసి మూత బిగించారు. ఆ వారమే పిస్టలు పోలీసులకు అప్పగించేశారు. ఎవరూ అడగకుండానే, తనంతట తానే. డాక్టరు దగ్గరికి నేను డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళాను. దారిలో పాపటోయిటోయిలో ఆగి మిఠాయి కొనుక్కుందామన్నారు. కొన్నాను.

ఇప్పుడాయనకు ప్రెస్సు గుర్తు లేదు, పొట్టేళ్ళూ గుర్తు లేవు. కొన్ని పూటలు నేనెవరో కూడా తెలియదు. అయినా పక్కన కూర్చోబోతే కాస్త జరిగి చోటిస్తారు. కాలం మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన ఏళ్ళను ఇప్పుడు నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకుంటున్నాను.