పెళ్ళి కేకూ, టాపు లేని జీపూ

ఒక పెళ్ళికి వచ్చిన జనాన్ని మొత్తం, పాస్టరుగారితో సహా, రెండు నిమిషాల్లో చర్చి లోపలికి పరుగెత్తించి తలుపులు వేయించిన ఘనత నాకుంది. ఏ ప్రసంగానికీ జనం అంత తొందరగా లోపలికి వెళ్ళడం నేను చూడలేదు. అందుకు కారణం నా భక్తి కాదు, నా కుళ్ళు. మొదట్నుంచీ చెబుతాను. మధ్యలో మీరు నా మీద జాలిపడకండి. అప్పటి నేను జాలికి తగిన మనిషిని కాను.

కెమెరా ఉన్న సెల్‌ఫోను చేతిలో ఉంటే జనం చుట్టూ మూగే రోజులవి. అనకాపల్లిలో నాకు చిన్న బేకరీ, దానికో తెల్ల వ్యాను ఉండేవి. ఆ వ్యాన్లో రొట్టెలు వెళ్ళేవి, కేకులు వెళ్ళేవి, ఆదివారం మా వీధి ముసలమ్మలందరూ చర్చికి వెళ్ళేవారు. కోటవురట్లలో ఉండే మా అత్తగారికి మోకాలు నొప్పి వస్తే ఆవిడా అందులోనే ఆస్పత్రికి వచ్చేది. "మా పెద్దల్లుడుగారి బండి ఉండగా మనకేటి లోటు?" అని ఆవిడ అంటుంటే నాకు అరడుగు ఎత్తు పెరిగినట్టుండేది.

అలా సుఖంగా ఉన్నవాడికి తోడల్లుడు దిగాడు.

మా మరదలి మొగుడు సుధాకర్ మా ఊళ్ళోనే ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మంచివాడు. ఈ మాట ఇప్పుడంటున్నాను, అప్పుడు అనలేదు. ఒకరోజు ఎక్కడో పాత జీపు కొని, ఎర్రరంగు వేయించి, టాపు పీకించి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అత్తవారింటికి వెళ్ళాడు. వెనకే నా వ్యాన్లో నేనూ వెళ్ళాను. వీధంతా జీపు చుట్టూ చేరింది. మా అత్తగారు మోకాలు నొప్పి మర్చిపోయి జీపెక్కి ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"ఓలమ్మో, గాలి ఎంత బాగేత్తన్నాదో! సిన్నల్లుడుగారి బండంటే బండే" అంది దిగుతూ.

మధ్యాహ్నం కోడికూరలో కాలు ముక్క సుధాకర్ విస్తట్లో పడింది. నాకు మెడ ముక్క వచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో కాలు ముక్క నాది. నేనా మెడ ముక్కను చూసిన చూపుకి అది మళ్ళీ ఉడికిపోయి ఉంటుంది.

ఆ తర్వాత నాకు నిద్రలో కూడా ఎర్రజీపే. దేవుడి దయవల్ల సుధాకర్ భార్యకి కవలపిల్లలు పుట్టారు. పిల్లల్ని దుమ్ములో తిప్పలేక అతను మా బేకరీకి వచ్చాడు.

"అన్నయ్యా, మీ వ్యాను నాకిచ్చి జీపు మీరు తీసుకుంటారేటి? ఆలోసించి సెప్పండి, తొందరేం నేదు."

నాకు కౌంటరు మీదనుంచి దూకాలనిపించింది. అయినా పెద్దరికం నిలబెట్టుకోవాలి కదా, "చూద్దాం" అన్నాను. వారం రోజులు ఆలోచించాను. ఆలోచించడమంటే, నాకు కావలసిన సలహా ఇచ్చే మనిషి కోసం వెతకడం.

మొదట మా ఆవిడ కరుణని అడిగాను.

"కేకులు ఎందులో ఎడతారు?" అంది.

"జీపులో."

"వానొత్తే?"

"గొడుగు పట్టుకుంటాం."

"ఎవరు?"

ఆ ప్రశ్న నచ్చక మా మెకానిక్ మస్తాన్ దగ్గరికి వెళ్ళాను. జీపు పట్టుకెళ్ళి తుమ్మపాల దాకా నడిపి చూశాం. దారిలో ముగ్గురు తిరిగి చూశారు. నాకు చాలా నచ్చింది.

"వ్యాను ఉంచుకోండి సార్" అన్నాడు మస్తాన్. "దీనికి నీళ్ళు తొందరగా మరుగుతాయి. సరదా పుట్టినప్పుడు సుధాకర్ గారినడిగి ఒక రౌండు కొట్టి ఇచ్చేయండి."

అడగాలట! ఆ సుధాకర్ని! నేను! అక్కడే నిర్ణయం అయిపోయింది. మర్నాడు పొద్దున్న తాళాలు మార్చుకున్నాం. వ్యాను వెళ్ళిపోతుంటే మా వీధి ముసలమ్మలు దాని వెనక చూసిన చూపు నేను కావాలనే చూడలేదు.

నెల తిరక్కుండా మా బావమరిది బాబ్జీ పెళ్ళి వచ్చింది. పెళ్ళి కోటవురట్లలో. మూడంతస్తుల కేకు పెద్దల్లుడి బాధ్యత. రెండు రోజులు కష్టపడి తెల్లటి క్రీముతో, గులాబీలతో, పైన పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ బొమ్మలతో చేశాను. ఆ కేకుతో నా కాలు ముక్క నాకు తిరిగి రావాలి. అదీ నా లెక్క.

పెళ్ళిరోజు పొద్దున్నే సుధాకర్ వ్యాను తెచ్చి బేకరీ ముందు ఆపాడు.

"అన్నయ్యా, కేకు వ్యాన్లో ఎట్టీద్దాం. ఎనక సీట్లు మడతెట్టీసేను."

నా కళ్ళముందు మొత్తం కనబడింది. వ్యాను వెళ్ళి ఆగుతుంది, సుధాకర్ తలుపు తీస్తాడు, మా అత్తగారు "సిన్నల్లుడుగారు కేకు తెచ్చేరు" అంటుంది. నేను ఛస్తే ఒప్పుకోను.

"నా కేకు నా జీపులోనే వస్తుంది" అన్నాను.

"ఏవండీ, అది టాపు లేని బండండీ" అంది కరుణ.

"అట్టపెట్టె ఉంది కదా! నువ్వు పక్కన కూర్చుని పట్టుకో."

"నాను అక్క హోదాలో పెళ్ళికెల్తన్నాను. పట్టుసీరతో దుమ్ము తినడానికి కాదు." చక్కగా వెళ్ళి వ్యాన్లో కూర్చుంది. వెళ్తూ వెళ్తూ ఒక రేకుపెట్టె కూడా ఎక్కించింది. చీరలనుకున్నాను.

అట్టపెట్టెని పక్కసీట్లో పెట్టి తాళ్ళతో కట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బయల్దేరాను. ఊరుదాటేదాకా బాగానే ఉంది. తర్వాత చెరకు ట్రాక్టరు ఒకటి ముందు పడింది. అది రేపిన దుమ్ముకి నా తెల్లచొక్కా గోధుమరంగుకి మారింది. ఇంకో అరగంటకి మస్తాన్ చెప్పినట్టే జీపు రేడియేటర్లోంచి ఆవిరి కక్కింది.

రోడ్డు పక్కనే బెల్లం వండే పాక కనబడింది. గానుగ ఆడుతోంది, పెనంలో పాకం ఉడుకుతోంది, నీళ్ళున్నాయి. ఇంతకంటే ఏం కావాలని పాక ముందే ఆపాను. బెల్లం మార్కెట్టున్న ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి, బెల్లం వండే చోట ఇంకా ఎవరెవరు ఉంటారో గుర్తుండాలి కదా? గుర్తులేదు. నలుగురు కూలీలు జీపు చుట్టూ చేరారు. అంతే, నాకింకేం గుర్తుండలేదు.

"ఈ బండి మీదేనాండీ?"

"నాదే!"

"బలేగుందండి. ఆ పెట్టిలో ఏటండీ?"

అడిగితే చెప్పి ఊరుకోవచ్చు. నేను మూత తీసి చూపించాను.

"ఓర్నాయనో, మూడంతస్తులే!"

ఆ మాటతో నాకు ఒళ్ళు తెలియలేదు. మూత అక్కడే వదిలేసి, వాళ్ళకి హారను కొట్టి చూపించాను, లైట్లు వేసి చూపించాను, బానెట్టు ఎత్తి ఇంజను గురించి తెలియనివన్నీ చెప్పాను. పావుగంట తర్వాత ఒక పెద్దాయన నా భుజం తట్టాడు.

"బాబూ, మీ కేకు నల్లగయిపోతన్నాదండి."

వెనక్కి తిరిగి చూస్తే గులాబీల మీద, బొమ్మల మీద, మూడంతస్తుల మీదా తేనెటీగలు. పాకం చుట్టూ తిరిగేవన్నీ ఇటు వచ్చి వాలిపోయాయి.

"పొగెట్టండి బాబూ" అన్నాడు పెద్దాయన.

వింటే బాగుండేది. స్పీడుగా వెళ్తే గాలికి అవే ఎగిరిపోతాయని లెక్క వేశాను. గాలికి ఎగిరినవి ఎగిరినట్టే వచ్చి నా మొహం మీద వాలాయి. తలుపుల్లేవు, అద్దాల్లేవు, టాపు లేదు. ఎంత గాలేస్తే అన్ని కుట్లు. దేవుణ్ణి అంత మనస్ఫూర్తిగా నేను అంతకు ముందెప్పుడూ పిలవలేదు.

నేను చేరేసరికి పెళ్ళి అయిపోయి, చర్చి పక్కన షామియానా కింద అందరూ కేకు కోసం ఎదురు చూస్తున్నారు.

"బావొచ్చేడు! కేకొచ్చేసింది!" అని అరుస్తూ బాబ్జీ ఎదురొచ్చాడు. సగం దూరంలో ఆగాడు. "బావా, ఆ సప్పుడేటి?"

తర్వాత జరిగింది మీకు మొదట్లోనే చెప్పాను. పెళ్ళికూతురు చీర ఎత్తిపట్టుకుని పరుగెత్తింది, బాండువాళ్ళు డ్రమ్ములు వదిలేశారు, పాస్టరుగారు అందరికంటే ముందు లోపలికి చేరారు. బయట నేనూ, జీపూ, కేకూ మిగిలాం.

ఎవరో పొగపెట్టి తేనెటీగల్ని తరిమాక జనం బయటికొచ్చారు. నా కేకుని చూసి పెళ్ళికూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మా కరుణ వ్యాన్లోంచి రేకుపెట్టె దింపించి మూత తీసింది. అందులో పెద్ద ప్లమ్ కేకు. నాకు తెలియకుండా నా బేకరీలోనే, నా పొయ్యిలోనే చేసింది.

సుధాకర్ దాన్ని జాగ్రత్తగా పట్టుకెళ్ళి బల్లమీద పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఎవరో మా అత్తగారిని అడిగారు, "మీ అల్లుళ్ళేటి తెచ్చేరమ్మా?" అని.

"సిన్నల్లుడుగారు కేకు తెచ్చేరు" అంది ఆవిడ. నావైపు చూసి, మర్యాద తెలిసిన మనిషి కాబట్టి గొంతు తగ్గించి, "పెద్దల్లుడుగారు తేనెటీగలు తెచ్చేరు."

భోజనాల దగ్గర ఆవిడే దగ్గరుండి నా విస్తట్లో కాలు ముక్క వేసింది. "తినండి బాబూ, దెబ్బలు తిన్న మనిషి" అంది. పెదాలు రెండూ బూరెల్లా వాచిపోయి నాకు నోరు తెరుచుకోలేదు. పక్కనే ఉన్న సుధాకర్, "అన్నయ్యా, సల్లారిపోతన్నాది" అని మర్యాదగా నా అనుమతి అడిగి, అదీ తినేశాడు.

ఆ సాయంత్రమే గంభీరంగా, బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. బతికున్నంత కాలం పక్కవాడి బండిని కుళ్ళుతో చూడను, చూడను, చూడను. మూడు రోజులు దాన్ని అక్షరాలా నిలబెట్టుకున్నాను, ఎందుకంటే ఆ మూడు రోజులూ నా కళ్ళు తెరుచుకోలేదు. నాలుగో రోజు తెరుచుకున్నాయి. కిటికీలోంచి చూస్తే వీధి ముసలమ్మలందర్నీ ఎక్కించుకుని సుధాకర్ వ్యాను వెళ్తోంది. కడిగించాడు, కొత్త సీటు కవర్లు వేయించాడు, కిటికీలకి నీలం కర్టెన్లు కూడా కట్టించాడు.

అబ్బ, ఎంత బాగుందో దొంగమొహం బండి!